కాళ్ల లాగుడు మాత్రలు మానేటప్పుడు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సాయంత్రమయ్యేసరికి కాళ్లను కుదురుగా ఉండనివ్వని జబ్బు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్. దీని గురించి వచ్చే ఉత్తరాలు చాలావరకు ఒకే బాధ చెబుతున్నాయి: మాత్ర వేసుకున్నా తగ్గడం లేదు, మానేస్తే బతకలేకపోతున్నాం. అందుకే ఈ నెల శీర్షికంతా మందులు మానడానికే కేటాయించాం. జవాబులు రాసినవారు నరాల వైద్యులు, ఔషధ నిపుణులు. ఇందులోని డోసులు మీ డాక్టరు ముందు కూర్చుని మాట్లాడుకోవడానికి పనికొస్తాయి. మందుల షాపులో చూపించి కొనుక్కోవడానికి మాత్రం కాదు.

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. నాలుగేళ్ల క్రితం రాత్రి పడుకోగానే పిక్కల్లో పురుగులు పాకినట్టు, లోపల్నుంచి ఎవరో లాగుతున్నట్టు ఉండేది. లేచి నాలుగడుగులు వేస్తే తగ్గేది. డాక్టరుగారు ప్రమిపెక్సోల్ 0.125 మి.గ్రా. రాత్రి వేసుకోమన్నారు. రెండేళ్లు హాయిగా నిద్రపోయాను. తర్వాత డోసు పెంచుకుంటూ వచ్చి ఇప్పుడు మధ్యాహ్నం 0.25, సాయంత్రం 0.25, రాత్రి 0.5 వేసుకుంటున్నాను. అయినా మూడు గంటలకల్లా మొదలవుతోంది. చేతుల్లోకీ పాకింది. విసుగొచ్చి ఒకసారి మొత్తం మానేస్తే నాలుగు రాత్రులు కన్ను మూతపడలేదు. భయపడి మళ్లీ మొదలుపెట్టాను. నా జబ్బు ఇంతగా ముదిరిపోయిందా?
– తెనాలి

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే ముదిరింది జబ్బు కాదు, మందే ఎదురు తిరిగింది. దీన్ని వైద్యంలో ఆగ్మెంటేషన్ అంటారు. మెదడులోని డోపమైన్ అనే రసాయనంలా పనిచేసే ప్రమిపెక్సోల్, రోపినిరోల్, లెవోడోపా వంటి మందులు మొదట్లో అద్భుతంగా పనిచేస్తాయి. నెలలు, ఏళ్లు గడిచేకొద్దీ అవే జబ్బును రాజేస్తాయి. గుర్తులు నాలుగు: బాధ మునుపటికంటే కొన్ని గంటలు ముందుగా మొదలవుతుంది, కూర్చున్న కొద్ది నిమిషాలకే వస్తుంది, కాళ్లు దాటి చేతులకో నడుముకో పాకుతుంది, మాత్ర పట్టు నిలిచే సమయం తగ్గిపోతుంది. డోసు పెంచిన ప్రతిసారీ కొన్ని వారాలు తెరిపి, ఆ తర్వాత అంతకంటే ఎక్కువ బాధ. మీ ఉత్తరంలో ఇవన్నీ దాదాపు కనిపిస్తున్నాయి.

ఈ జబ్బుకు ప్రమిపెక్సోల్ సాధారణంగా రోజుకు 0.5 మి.గ్రా. దాటకూడదు. మీరు 1 మి.గ్రా. వేసుకుంటున్నారు. పార్కిన్సన్స్ వ్యాధికి ఇదే మందు ఇంతకు నాలుగింతలు కూడా ఇస్తారు కాబట్టి 1 మి.గ్రా. చీటీలో తక్కువగానే కనిపిస్తుంది. రెండు జబ్బులకూ ఒకే కొలత వాడడం వల్లే చాలామంది ఈ సుడిలో పడుతున్నారు. అమెరికా నిద్ర వైద్యుల సంస్థ 2025లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ కోవ మందులను మామూలుగా మొదటి మందుగా వాడవద్దనే చెబుతున్నాయి.

ఇక ఆ నాలుగు రాత్రుల సంగతి. ఒక్కసారిగా మానేసినప్పుడు వచ్చిన ఆ బాధను మీ జబ్బు అసలు స్థాయి అనుకోకండి. అది మందు వదిలేటప్పుడు ఎగసిపడే మంట. మొదటి నాలుగైదు రోజులు అతి తీవ్రంగా ఉండి, ఎక్కువమందిలో వారం పది రోజుల తర్వాత దిగుతుంది. కొందరికి ఇంకొన్ని వారాలు పడుతుంది. మీరు సరిగ్గా శిఖరం మీద ఉండగా వెనక్కి తిరిగారు. అందులో మీ తప్పేమీ లేదు, ముందు ఏర్పాటు లేకుండా ఎవరూ దాన్ని దాటలేరు.

ఏర్పాటు అంటే ఈ వరుసలో జరగాలి. మొదట రక్తపరీక్షలు: ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో తిరిగే ఐరన్ శాతం), క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు). ఐరన్ తక్కువుంటే ముందు దాన్ని నింపాలి, ఎందుకో చివరి జవాబులో రాశాం. రెండోది, కాళ్లను రెచ్చగొట్టే ఇతర మందులు ఏవైనా వాడుతుంటే వాటిని తీసేయించాలి. మూడోది అసలైనది: ప్రమిపెక్సోల్ రవ్వంత కూడా తగ్గించకముందే, నరాల నొప్పికి వాడే ప్రిగాబాలిన్ గానీ గాబాపెంటిన్ గానీ మొదలుపెట్టి పనిచేసే డోసుకు తీసుకురావాలి. ప్రిగాబాలిన్ అయితే 75 మి.గ్రా.తో (65 దాటినవారికి 50తో) మొదలుపెట్టి కొద్ది రోజులకోసారి పెంచుతూ 150 నుంచి 300 దాకా, అవసరమైతే 450 దాకా వెళతారు. గాబాపెంటిన్ అయితే 300తో మొదలై చాలామందికి 1200 నుంచి 1800 అవసరమవుతుంది. గాబాపెంటిన్‌ను ఒకేసారి 600 మించి మింగితే పేగు సరిగా పీల్చుకోలేదు, చాలా భాగం వృథా అవుతుంది. అందుకే సాయంత్రం కొంత, పడుకునేముందు కొంత అని విడగొడతారు. గ్యాస్ కోసం తాగే అల్యూమినియం, మెగ్నీషియం మందుకు, దీనికి రెండు గంటల ఎడం ఉండాలి. ఏ మందైనా బాధ మొదలయ్యే వేళకు గంటా రెండు గంటల ముందు పడాలి. మొదలయ్యాక వేసుకుంటే వెనకబడిపోతుంది.

కొత్త మందు కుదురుకున్నాకే పాతది తగ్గించాలి. రెండు వారాలకోసారి 0.125 చొప్పున తగ్గిస్తే మీ 1 మి.గ్రా.కు ఎనిమిది మెట్లు, అంటే దాదాపు నాలుగు నెలలు. పగటి డోసులు ముందు తీసేసి, రాత్రిది చివరికి ఉంచుతారు. ప్రతి తగ్గింపు తర్వాత మూడు నాలుగు రోజులు కాళ్లు గొడవ చేసి మళ్లీ సద్దుమణగడం మామూలే. సద్దుమణగకపోతే ఆ మెట్టు మీదే ఇంకో రెండు వారాలు ఆగండి, పైకి మాత్రం వెళ్లకండి. అన్నిటికంటే కష్టం చివరి 0.125. చూడడానికి చిన్న ముక్కే, కానీ చాలామంది అక్కడే కూలబడతారు. దాన్ని సగం చేసి 0.0625 మీద రెండు వారాలు ఉండి మానడం మేలు. మీరు వాడేది ఈఆర్ (మందు నెమ్మదిగా విడుదలయ్యే రకం) అని రాసి ఉన్న మాత్ర అయితే విరగ్గొట్టకూడదు. ముందు మామూలు మాత్రకు మార్పించుకోవాలి.

ప్రిగాబాలిన్ వేసుకోగానే ప్రమిపెక్సోల్ ఇచ్చినంత తక్షణ సుఖం ఉండదు. ఆగ్మెంటేషన్ నడుస్తున్నంతకాలం ఏ మందూ పూర్తిగా పనిచేయనట్టే ఉంటుంది. పాతది పూర్తిగా పోయి కొన్ని వారాలు గడిచాకే కొత్తదాని అసలు బలం తెలుస్తుంది. మధ్యలోనే ఇది పనిచేయదని తేల్చేసి రెండూ గుమ్మరించుకోవడమే ఈ దారిలో ఎక్కువగా జరిగే పొరపాటు.

ప్రశ్న: మా ఆయనకు 52 ఏళ్లు. కాళ్ల లాగుడుకు రోపినిరోల్ రోజుకు 4 మి.గ్రా. వాడుతున్నారు. ఏడాదిగా మనిషి మారిపోయారు. రాత్రి రెండింటిదాకా ఫోన్లో షేర్ల ఆప్షన్లు కొనడం, అక్కర్లేని వస్తువులు తెప్పించడం. అప్పులయ్యాయి. అడిగితే కోపం. ఇది మాత్ర వల్లేనని ఎవరో అన్నారు. వెంటనే ఆపించేయమంటారా?
– కరీంనగర్

జవాబు: మాత్ర వల్ల కావడానికి బలమైన అవకాశం ఉంది. ఈ కోవ మందులు మెదడులో ఆశను, ఆనందాన్ని నడిపే డోపమైన్ దారులను కూడా తాకుతాయి. జూదం, కొనుగోళ్లు, అతిగా తినడం, లైంగిక కోరికలు అదుపు తప్పడం వీటికి బాగా తెలిసిన దుష్ఫలితాలు. ఆయన గుణం చెడిందని ఇంట్లో ఎవరూ తేల్చేయకండి. సిగ్గుతో ఈ సంగతి దాచడం వల్లే డాక్టర్లకు ఆలస్యంగా తెలుస్తుంది. మీరు వెంట వెళ్లి మీరే చెప్పండి.

ఆపాల్సిందే, కానీ ఈ రాత్రికి ఈ రాత్రే కాదు. 4 మి.గ్రా. నుంచి ఒక్కసారిగా సున్నాకు వస్తే కాళ్ల బాధతోపాటు ఇంకో ముప్పు ఉంది: డోపమైన్ మందు మానినప్పుడు వచ్చే ఉపసంహరణ లక్షణాలు. గుండెదడ, చెమటలు, భయం, ఏడుపు, ఒంట్లో సత్తువ లేకపోవడం, ఏదీ రుచించకపోవడం, ఆ మాత్ర మీదికే మనసు పోవడం. మందు వల్ల ఇలాంటి అలవాట్లు పట్టుకున్నవారిలోనే ఇవి ఎక్కువగా కనిపిస్తాయి, వారాలు, కొందరిలో నెలలు ఉంటాయి. ఈ లక్షణాలు మామూలు ఆందోళన మాత్రలకు సరిగా లొంగవు. అరుదుగా, పెద్ద డోసు ఠక్కున ఆపినప్పుడు తీవ్ర జ్వరం, కండరాలు బిగుసుకుపోవడం, మతి తప్పడం రావచ్చు. అలా అయితే అది ఆసుపత్రి అత్యవసరం.

ఆయన విషయంలో నాలుగు నెలలు నానబెట్టడం కూడా తగదు. డాక్టరు 0.25 నుంచి 0.5 చొప్పున వారానికోసారి తగ్గించే పద్ధతి ఎంచుకోవచ్చు, ప్రిగాబాలిన్‌ను దానికి సమాంతరంగా వేగంగా పెంచుతూ. దిగులు ఎక్కువై యాంటీడిప్రెసెంట్ అవసరమైతే, ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్, మిర్టజాపిన్, అమిట్రిప్టిలిన్ వంటివి కాళ్ల లాగుడును పెంచగలవని మానసిక వైద్యులకు గుర్తుచేయండి. బ్యుప్రోపియాన్ సాధారణంగా పెంచదు.

ఈలోగా ఇంటి ఏర్పాటు: ట్రేడింగ్ ఖాతా, కార్డులు, యూపీఐ పరిమితి ఆయన ఒప్పుదలతో మీ చేతికి రావాలి. ‘మందు దిగేదాకా’ అని గడువు పెట్టి అడిగితే మగవాళ్లు కాస్త సులువుగా ఒప్పుకుంటారు. బతకాలని లేదన్న మాట నోటివెంట వస్తే మాత్రం ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: ఆరేళ్లుగా కాళ్ల లాగుడుకు క్లోనజిపామ్ 0.5 రాత్రి వేసుకుంటున్నాను. వయసు 66. ఈమధ్య తెల్లవారుజామున బాత్రూమ్‌కు వెళ్తూ రెండుసార్లు పడ్డాను. మానాలంటే ఎలా?
– విశాఖపట్నం

జవాబు: మన దగ్గర ఈ జబ్బుకు తరచూ రాసేసే మాత్రల్లో ఇదొకటి. నిజానికి ఇది కాళ్లను ఊరుకోబెట్టదు, మీకు తెలియకుండా నిద్ర పుచ్చుతుంది. ఒంట్లో చాలాసేపు ఉంటుంది కాబట్టి తెల్లవారుజామునా తూలిస్తుంది. మీ వయసులో తుంటి ఎముక విరిగే ప్రమాదం ముందు ఆ నిద్ర లాభం చిన్నది. మానాలన్న మీ నిర్ణయం సరైనది.

ఆరేళ్ల అలవాటును ఒక్కరోజులో తెంపితే నిద్ర పూర్తిగా పోవడం, వణుకు, గుండెదడ, కొందరిలో ఫిట్స్ కూడా వస్తాయి. తగ్గింపు ఒక్కో మెట్టుకు 5 నుంచి 10 శాతం ఉంటే హాయి. రెండు వారాల్లో 25 శాతం మించకూడదు. 0.5 వంటి చిన్న డోసును అంత సన్నగా కోయడం కష్టం, దానికి దగ్గరగా మాత్రం వెళ్లవచ్చు. 0.25 మామూలు మాత్రలు, మందుల షాపులో దొరికే మాత్ర కోసే డబ్బా తీసుకోండి. 0.25ను నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క 0.0625. రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఒక్క ముక్క తగ్గించండి. చివరి నాలుగు ముక్కల దగ్గర ప్రతిదానికీ నాలుగు వారాలు ఇవ్వండి. మొత్తం ఆరేడు నెలలు పట్టినా నష్టం లేదు. నోట్లో కరిగే రకం మాత్రలు కోస్తే పొడైపోతాయి, వాటిని వాడకండి. రోజు విడిచి రోజు వేసుకునే పద్ధతీ వద్దు. ఒక రాత్రి మందు, ఒక రాత్రి లేమి అన్నట్టు ఒళ్లు ఊగిసలాడుతుంది.

మీ చీటీ ఒకసారి చూసుకోండి. క్లోనజిపామ్‌తో ఎస్సిటలోప్రామ్ కలిపిన మాత్రలు మన దగ్గర చాలా ఉన్నాయి. అదే వాడుతుంటే కాళ్లను రెచ్చగొట్టే మందు, నిద్ర పుచ్చే మందు ఒకే మాత్రలో మింగుతున్నట్టు. దాన్ని విడదీయడం డాక్టరే చేయాలి, రెంటికీ వేర్వేరు తగ్గింపు కావాలి.

ప్రశ్న: ప్రమిపెక్సోల్ మానడానికని ప్రిగాబాలిన్ మొదలుపెట్టారు. మూడు వారాలైంది. కాళ్లు ఇంకా ఎక్కువయ్యాయి. క్యాప్సూల్ మీద ఎన్‌టి అని ఉంది. గ్యాస్ క్యాప్సూల్ కూడా రోజూ వేసుకుంటాను.
– వరంగల్

జవాబు: ఎన్‌టి అంటే అందులో నార్ట్రిప్టిలిన్ 10 మి.గ్రా. కలిపి ఉంది. మధుమేహ నరాల నొప్పికి ఆ జోడీ బాగా వాడతారు. కానీ నార్ట్రిప్టిలిన్ దిగులుకు వాడే ట్రైసైక్లిక్ మందుల కోవది, ఈ జబ్బులో కాళ్లను రెచ్చగొట్టగలదు. షాపులో ప్రిగాబాలిన్ 75 అని అడిగితే అలవాటుగా ఈ జోడీనో, మిథైల్‌కోబాలమిన్ కలిపినదో చేతిలో పెడతారు. మిథైల్‌కోబాలమిన్ బి12 విటమినే, హాని లేదు. నార్ట్రిప్టిలిన్ మాత్రం లేకుండా ‘ఉత్త ప్రిగాబాలిన్’ అని డాక్టరు చేత స్పష్టంగా రాయించుకోండి. ఆయన నరాల నొప్పి కోసం కావాలనే రాసి ఉంటే కాళ్ల సంగతి చెప్పి మార్చమని అడగండి.

గ్యాస్ క్యాప్సూల్ వెనక చిన్న అక్షరాలు చదవండి. రాబెప్రజోల్ లేదా పాంటాప్రజోల్ పక్కన లెవోసల్పిరైడ్ అని ఉంటే అసలు దొంగ అదే కావచ్చు. లెవోసల్పిరైడ్ డోపమైన్‌ను అడ్డుకునే మందు. మీరు మానుతున్న మాత్ర డోపమైన్‌లా పనిచేసేది. రెండూ కలిస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఇదే వరుసలో వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్, ప్రోమెథజిన్ ఉన్నాయి. వాంతికి డోమ్‌పెరిడాన్ మెదడులోకి పెద్దగా పోదు, ఆన్‌డాన్సెట్రాన్ కూడా ఫరవాలేదు. గుండె లయ సమస్య ఉన్నవారు ఈ రెంటికీ డాక్టరును అడగాలి. జలుబు మాత్రల్లోని క్లోర్‌ఫెనిరమిన్, దురదకు వాడే హైడ్రాక్సిజిన్ రాత్రిపూట కాళ్లను కాల్చుకు తింటాయి. జలుబుకు ఆవిరి, ఉప్పునీళ్ల పుక్కిలింత, ముక్కులో సెలైన్ చుక్కలు చాలు. ఫెక్సోఫెనడిన్ మెదడులోకి అంతగా పోదు కాబట్టి అలర్జీకి దానివైపు మొగ్గుతాం.

ప్రశ్న: మా అమ్మానాన్నలు మా దగ్గరికి ఆరు నెలలకు వచ్చారు. అమ్మ కాళ్ల లాగుడుకు ప్రిగాబాలిన్ 150 రోజూ వేసుకుంటుంది. తెచ్చుకున్న మాత్రలు ఇంకో తొమ్మిది రోజులకే ఉన్నాయి. ఆపేస్తే ఏమవుతుంది?
– డాలస్

జవాబు: ఠక్కున ఆపితే కాళ్ల బాధ తిరిగి రావడమే కాక నిద్రలేమి, చెమటలు, వికారం, ఆందోళన, తలనొప్పి, అరుదుగా ఫిట్స్ వస్తాయి. అమెరికాలో ప్రిగాబాలిన్ నియంత్రిత మందుల జాబితాలో ఉంది, చీటీ లేకుండా దొరకదు. ఇండియా చీటీ అక్కడి ఫార్మసీలో చెల్లదు. తొమ్మిది రోజులున్నాయి కాబట్టి ఈరోజే ప్రైమరీ కేర్ లేదా అర్జెంట్ కేర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఇండియా చీటీ, మాత్రల పట్టీ, ఆవిడ క్రియాటినిన్ రిపోర్టు చేతిలో ఉండాలి. చీటీ దొరికితే జెనరిక్ చాలు.

చీటీకి ఆలస్యమయ్యేట్టుంటే ఉన్న మాత్రలు పూర్తి డోసులో అయిపోనిచ్చి కూర్చోకండి. డాక్టరుతో ఫోన్లో మాట్లాడి, 75 మి.గ్రా. క్యాప్సూళ్లయితే రాత్రికి ఒకటి చొప్పున తగ్గించుకుంటే తొమ్మిది రోజుల సరుకు పద్దెనిమిది రోజులు వస్తుంది. కనీసం వారం పాటు మెట్లుగా దించాలన్నది ఈ మందు తయారీదారు సూచనల్లోనే ఉంది. ఏళ్ల తరబడి వాడినవారికి వారం రెండు వారాలకోసారి 25 నుంచి 50 చొప్పున దించడం నయం. పొరుగువారి గాబాపెంటిన్ ఉంది కదా అని సొంతంగా మార్చకండి, రెంటి కొలతలు ఒకటి కావు.

ప్రశ్న: నడుంనొప్పికి ట్రమడాల్, పారాసెటమాల్ కలిపిన మాత్ర ఏడాదిగా రోజుకు మూడు వేసుకున్నాను. మానేసిన మర్నాటి నుంచీ కాళ్లు తన్నుకుంటున్నాయి, ఆవలింతలు, ముక్కు కారడం, విరేచనాలు. ఇంతకుముందు నాకు కాళ్ల జబ్బు కొద్దిగానే ఉండేది.
– గుంటూరు

జవాబు: ట్రమడాల్ నల్లమందు కుటుంబానికి చెందినది. ఆ కోవ మందులన్నీ కాళ్ల లాగుడును అణచిపెడతాయి, మానగానే రెట్టింపుగా వదులుతాయి. మీకు జబ్బు ముందే ఉంది కాబట్టి రెండూ కలిసి మీద పడ్డాయి. ఇది సాధారణంగా ఆఖరి మాత్ర తర్వాత ఒక రోజులోపు మొదలై, రెండు మూడు రోజులకు పెచ్చుమీరి, వారం పది రోజుల్లో దిగుతుంది. ట్రమడాల్‌కు యాంటీడిప్రెసెంట్ గుణం కూడా ఉంది, అందుకే కొందరికి భయం, ఒంట్లో కరెంటు కొట్టినట్టు ఉండడం అదనం.

తట్టుకోలేకపోతే డాక్టరును కలిసి మళ్లీ మొదలుపెట్టి దింపడం ఓటమి కాదు. రోజుకు మూడు మాత్రల నుంచి రెండుకు, రెండు వారాల తర్వాత ఒకటికి, తర్వాత అరకు. కాళ్లకు గాబాపెంటిన్ ఇవ్వవచ్చు, కానీ ట్రమడాల్‌తో కలిసినప్పుడు ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. గురక, ఆస్తమా, సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉంటే ముందే చెప్పాలి. ఈ మందులు వాడే రోజుల్లో మద్యం చుక్క కూడా ముట్టకూడదు. విరేచనాలకు ఓఆర్ఎస్ తాగండి. ఇంకో మాట: ట్రమడాల్ కూడా ప్రమిపెక్సోల్ లాగే కాళ్ల జబ్బులో ఆగ్మెంటేషన్ తెస్తుంది. నల్లమందు కోవలో దీనికే ఆ చెడ్డపేరు. అందుకని కాళ్ల కోసం దీన్ని మళ్లీ వాడుకలో పెట్టుకోవద్దు.

ప్రశ్న: నాన్నగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. కాళ్ల లాగుడుకు నా గాబాపెంటిన్ 300 ఇవ్వవచ్చా?
– కర్నూలు

జవాబు: ఇవ్వకండి. గాబాపెంటిన్, ప్రిగాబాలిన్ రెండూ మూత్రపిండాల ద్వారానే బయటికి పోతాయి. పోయే దారి లేనప్పుడు పేరుకుపోయి మత్తు, కుదుపులు, మతి తప్పడం తెస్తాయి. డయాలసిస్ ఉన్నవారికి 100 మి.గ్రా. డయాలసిస్ అయ్యాక ఇవ్వడంతో మొదలుపెడతారు. వారికి ఐరన్ కొలతలూ వేరు, ఫెరిటిన్ 200 కంటే తక్కువ, శాచురేషన్ 20 శాతం కంటే తక్కువ ఉంటే సిరలోకి ఐరన్ ఆలోచిస్తారు. నెఫ్రాలజీ డాక్టరును అడగండి.

ప్రశ్న: రేపు సోమవారం నుంచి ప్రమిపెక్సోల్ ఆఖరి మాత్ర మానుతున్నాను. డాక్టరు అనుమతి ఉంది. ఆ పది రాత్రులూ ఎలా గడపాలో వివరంగా చెప్పండి.
– హైదరాబాద్

జవాబు: ముందు రోజులు చూసుకోండి. ఆ రెండు వారాల్లో పెళ్లి, రాత్రి బస్సు ప్రయాణం, ఆఫీసులో గడువు ఉంటే సోమవారాన్ని వాయిదా వేయండి. మొదటి ఐదు రోజులకు సెలవు పెట్టండి. బండి, కారు నడపకండి. నిద్రలేమి ఒకవైపు, ప్రిగాబాలిన్ మత్తు ఒకవైపు.

రాత్రి ఇంత సేపు పడుకుని తీరాలని పట్టుబట్టకండి. కాళ్లు మొదలైతే మంచం దిగిపోండి, పడుకుని పోరాడేకొద్దీ పెరుగుతాయి. నిలబడి చేసే పని ముందే సిద్ధం చేసుకోండి: వంటింటి గట్టు మీద పదబంధమో, చదరంగం ఎత్తులో, పాత ఫొటోలు సర్దడమో. మెదడుకు పట్టు దొరికే పని కాళ్లను నిజంగా మరిపిస్తుంది, టీవీ చూస్తూ కూర్చోవడం మరిపించదు. గోడకు రెండు చేతులు ఆనించి ఒక కాలు వెనక్కి చాపి, మడమ నేలకు తగిలేట్టు పిక్క సాగదీయండి. ఒక్కో కాలికి 30 సెకన్లు, మూడుసార్లు. బకెట్ వేడినీళ్లలో మోకాళ్ల దాకా 15 నుంచి 20 నిమిషాలు. కొందరికి చన్నీళ్లే పనిచేస్తాయి, కొందరికి ఒకదాని తర్వాత ఒకటి. మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారు నీటి వేడిని మోచేత్తో చూసుకోవాలి, లేదంటే బొబ్బలెక్కుతాయి. పిక్కలను అరచేత్తో గట్టిగా నొక్కించుకోవడం, తువ్వాలు బిగుతుగా చుట్టడం కాసేపు ఊరట. నిద్రపోయేముందు విప్పేయాలి.

వ్యాయామం సాయంత్రం ఆరులోపు, ఓ మోస్తరుగా. రోజూ లేని పరుగు ఆ వారంలో పెట్టుకుంటే కాళ్లు ఇంకా రెచ్చిపోతాయి. కాఫీ, టీ మధ్యాహ్నం పన్నెండుతో ఆఖరు. తెల్లవారాక ఉదయం వేళ కాళ్లు సహజంగానే ఊరుకుంటాయి, ఆ వేళలో నిద్ర పడితే అలారం పెట్టకుండా పోనివ్వండి. మామూలు రోజుల్లో పగటినిద్ర వద్దంటాం, ఈ పది రోజులూ ఆ నియమం పక్కన పెట్టేయండి. ఇంట్లో ఒకరు వంతుగా మేలుకుని ఉంటే అర్ధరాత్రి మనసు చెదిరి మాత్రల డబ్బా తెరవకుండా ఉంటారు. మిగిలిన ప్రమిపెక్సోల్ వారి దగ్గరే ఉంచండి. నిద్ర కోసం సెటిరిజిన్, దగ్గు మందు, ఎవరిదో నిద్రమాత్ర జోలికి వెళ్లకండి. బాత్రూమ్ దారిలో చిన్న దీపం వెలుగుతుండాలి.

ఒక కాగితం మీద రోజూ నాలుగు అంకెలు రాయండి: బాధ మొదలైన గంట, పదికి ఎంత తీవ్రత, నిద్రపోయిన గంటలు, వేసుకున్న మందు. మీకు మార్పు లేదనిపించినా ఆరో రోజుకు మొదలయ్యే వేళ సాయంత్రం నాలుగు నుంచి ఏడుకు జరిగిందని కాగితం చెబుతుంది. డాక్టరుకూ అదే కావాలి. పది రోజులు దాటినా రెండు మూడు గంటలకు మించి నిద్ర లేకపోతే భరిస్తూ కూర్చోకుండా వెళ్లండి. తీవ్రమైన వారికి కొద్దికాలం బ్యుప్రెనార్ఫిన్ వంటి మందులు తక్కువ డోసులో ఇచ్చే పద్ధతి ఉంది, అది అనుభవమున్న వైద్యుల చేతుల్లోనే జరగాలి.

ప్రశ్న: నా హిమోగ్లోబిన్ 13. అయినా మీరందరూ ఐరన్, ఐరన్ అంటారెందుకు?
– రాజమహేంద్రవరం

జవాబు: హిమోగ్లోబిన్ రక్తంలోని ఐరన్ సంగతి చెబుతుంది. కాళ్ల జబ్బులో కొరత మెదడులో ఉంటుంది. డోపమైన్ తయారయ్యే మొదటి మెట్టులో పనిచేసే ఎంజైముకు ఐరన్ కావాలి. అందుకే ఈ జబ్బులో ఫెరిటిన్‌కు లాబ్ కాగితం మీద ‘నార్మల్’ అని ముద్రించిన అంకెలు సరిపోవు. 20 ఉన్నా నార్మల్ అని వస్తుంది, మనకు మాత్రం 75 లోపు అయితే, లేదా శాచురేషన్ 20 శాతం లోపు అయితే వైద్యం అవసరం. 75 నుంచి 100 మధ్య ఉంటే మాత్రలు పేగులోంచి సరిగా ఎక్కవు, సిరలోకి ఎక్కించడమే పనిచేస్తుంది. తక్కువ ఐరన్ ఉన్నవారిలో ఆగ్మెంటేషన్ ఎక్కువ, మానేటప్పుడు బాధా ఎక్కువ. కాబట్టి మందు దింపడం మొదలుపెట్టకముందే దీన్ని చూసుకోవాలి.

పరీక్ష ఉదయం పరగడుపున చేయించండి. ముందు రోజు నుంచి ఐరన్ మాత్ర ఆపండి. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్న వారంలో వద్దు, ఫెరిటిన్ దొంగ ఎత్తు చూపిస్తుంది.

మాత్ర అయితే రోజు విడిచి రోజు ఒకటి, ఖాళీ కడుపున, నిమ్మరసం నీళ్లతో. రోజూ రెండు మింగితే ఎక్కువ ఎక్కుతుందనుకుంటారు. నిజానికి ఒక మాత్ర పడ్డాక పేగు దాదాపు ఒక రోజంతా తలుపు సగం మూసుకుంటుంది, మిగిలింది మలబద్ధకానికే. కాఫీ, టీ, పాలకు రెండు గంటల ఎడం, కాల్షియానికి రెండు గంటలు, థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటలు. రోజూ గ్యాస్ మాత్ర వేసుకునేవారిలో ఐరన్ సరిగా ఎక్కదు. మలం నల్లబడితే భయం లేదు.

సిరలోకి అయితే ఫెరిక్ కార్బాక్సీమాల్టోజ్ 1000 మి.గ్రా. వరకు ఇస్తారు, అయ్యాక అరగంట పరిశీలనలో ఉంచుతారు. ఫలితం మర్నాడే ఆశించకండి, నాలుగు నుంచి ఆరు వారాలు, కొందరికి పన్నెండు పడుతుంది. తర్వాతి వారాల్లో విపరీతమైన నీరసం, ఎముకల నొప్పి వస్తే ఫాస్ఫేట్ పరీక్ష చేయించాలి, ఈ మందు దాన్ని తగ్గించగలదు. శాచురేషన్ 45 శాతం దాటినవారు, తలసీమియా ఉన్నవారు సొంతంగా ఐరన్ వాడకూడదు.

ఐరన్ ఎక్కడికి పోతోందో కూడా వెతకాలి: అధిక ఋతుస్రావం, మొలలు, ఏళ్లుగా నొప్పి మాత్రల వల్ల కడుపులో పుండు, తరచు రక్తదానం. యాభై దాటిన మగవారిలో, ముట్లు ఆగిన ఆడవారిలో ఫెరిటిన్ బాగా తక్కువగా ఉంటే ఎండోస్కోపీ, కొలనోస్కోపీ అవసరమా అని అడగండి. మాత్రలైతే మూడు నెలలకు, సిరలోకి అయితే రెండు మూడు నెలలకు ఫెరిటిన్ మళ్లీ చూడాలి. ఆ తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు.